పొతియొలీ మట్టి, మా మందిరం గోడ



చోడవరం దగ్గర మా పల్లెలో ఉన్న ప్రార్థన మందిరం చాలా చిన్నది. నూరు మంది కూర్చుంటే తర్వాత వచ్చినవారు గుమ్మం దగ్గర నిలబడవలసిందే. ఇటుక గోడలు, గానుగ సున్నం, పైన బెంగుళూరు పెంకు, గుమ్మం మీద ఒక కమాను. మా తాతల కాలంలో కట్టారు. ఉత్తరపు గోడ చెమ్మెక్కుతోందని కొన్నేళ్ల క్రితం సంఘమంతా చందాలు వేసుకొని లోపలా బయటా సిమెంటు పూత పూయించాం. లెక్కలు రాసింది నేనే, మేస్త్రిని పిలిచింది నేనే, కనుక ఆ పొరపాటులో నాకు పెద్ద వాటానే ఉంది. రెండు వర్షాకాలాలు గోడ ముచ్చటగా కనబడింది. మూడో ఏట పూత ఉబ్బింది. ఆ తరువాత అరచెయ్యంత పెచ్చులు రాలడం మొదలైంది. పెచ్చు ఊడిన చోట వేలు పెడితే లోపలి ఇటుక పిండిలా రాలుతోంది.

గత క్రిస్మసుకు ముందు సంఘ పెద్దల కూడికలో ఈ మాట వచ్చింది. పాతదంతా కూల్చి స్లాబు వేద్దామని కుర్రవాళ్లు పట్టుబట్టారు. వాళ్ల మాట కొట్టిపారేయదగినది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా మందిరం పెంకులు సగం పక్క చెరకు తోటలో ఏరుకున్నాం. ఆ రోజు ఊళ్లో చాలామంది పిల్లాపాపలతో స్లాబు ఇళ్లలోనే తలదాచుకున్నారు. అది కళ్లారా చూసినవారు పెంకుటి మందిరం కావాలంటారా?

కానీ మా ఊరి ముసలి తాపీ మేస్త్రి ఒకాయన, సంఘ సభ్యుడు కాడు గాని తండ్రి నాటి నుండి ఆ మందిరానికి సున్నం వేసినవాడు, నన్ను పక్కకు పిలిచి అన్నాడు: "మేష్టారూ, గోడకి సిమెంటు పూసినారు కాదు, దాని ముక్కూ నోరూ మూసేసినారు. సున్నం గోడకి సెమట పడతాది. ఆ సెమట బయటికి పోవాల. పోనియ్యకపోతే లోపల్లోపలే తినేస్తాది. గోడది తప్పు కాదు."

కూల్చాలో వద్దో ఓటు వేయడానికి ముందు, సున్నంతో కట్టినవీ, అసలు సున్నం ఎరుగనివీ, ఎన్నో వందల ఏళ్లు నిలిచిన కట్టడాలు ఒకటి రెండు చూసి వస్తానని పెద్దలను గడువు అడిగాను. పాస్టరుగారు నవ్వి, ఈస్టరు వరకు సమయం ఇచ్చారు.

మొదట పోయింది దగ్గరదే. చోడవరం నుండి బస్సులో అనకాపల్లి, అక్కడ నుండి ఆటోలో శంకరం. మా చోడవరం ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లా. కాగితాల మీద జిల్లా మారింది గాని ఆ దారిలో బెల్లపు వాసన మాత్రం మారలేదు. శంకరంలో పక్కపక్కనే రెండు కొండలు, బొజ్జన్నకొండ, లింగాలకొండ. క్రీస్తు శకం నాలుగో శతాబ్దం నుండి తొమ్మిదో శతాబ్దం దాకా బౌద్ధ సన్యాసులు అక్కడ నివసించారు. 1906లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి తవ్వించే వరకు అవి ఏమిటో చుట్టుపక్కల వారికి సరిగా తెలియదు. కనుమ పండుగనాడు అక్కడేదో రాక్షసి ఉందని రాళ్లు విసిరే ఆచారం కూడా ఇటీవలి దాకా ఉండేది. తాతలు చెక్కిన దానినే మనుమలు రాళ్లతో కొట్టడం!

ఆ కొండ మీద పనిచేసిన వారి పద్ధతి వేరు. కొండనే దొలిచి గది చేశారు. పెద్ద గుహలో పదహారు స్తంభాలు, మధ్యన ఒక స్తూపం, అన్నీ ఒకే రాతిలోనివి. అందులో అతుకు లేదు, కనుక సున్నం అక్కరలేదు. పైన పెద్ద స్తూపానికి లోపలి గుండు కొండ రాయి, దాని చుట్టూ ఇటుక కట్టుబడి. మన పూర్వులకు రాతిని కోయడం, ఇటుకను కాల్చడం బాగా తెలుసు. అయితే పైకప్పు వేయాలంటే స్తంభం మీద దూలం పెట్టడమే ఎక్కువగా వారి పద్ధతి. దూలం ఎంత పొడవుంటే గది అంత వెడల్పు. రాతి దూలమైతే మరీ కష్టం, మధ్యలో విరుగుతుంది. అందుకే మన పాత మంటపాలలో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఉంటాయి.

కొండ మీద ఒక చైత్యం పునాది చూసి ఆగిపోయాను. పొడవైన గది, ఒక చివర గుండ్రంగా తిరిగింది. అచ్చం పట్టణాల్లోని పెద్ద దేవాలయాల్లో బల్ల ఉండే వైపు గోడలా ఉంది. మన చర్చిలకు ఆ గుండ్రని కొస ఎక్కడిదంటే రోమీయుల నుండి వచ్చింది. వారి ఊళ్లలో న్యాయ విచారణకూ వ్యాపారానికీ బసిలికా అనే పెద్ద చావడి ఉండేది. చాలావాటిలో ఒక కొసన గుండ్రటి గోడ, అందులో న్యాయాధిపతి పీఠం. క్రీ.శ. 313లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రైస్తవులకు స్వేచ్ఛ ఇచ్చిన తరువాత, అంతవరకు ఇళ్లలో కూడుకుంటున్న సంఘాలు పెద్ద మందిరాలు కట్టుకోవలసి వచ్చినప్పుడు దేవతల గుళ్ల నమూనా తీసుకోలేదు, ఈ చావడి నమూనా తీసుకున్నారు. శంకరం చైత్యానికీ ఆ చావడికీ చుట్టరికం ఉందని నేను అనడం లేదు. నలుగురూ ఒకచోట చేరి ఒకే వైపు చూడాలంటే ఏ దేశంలోనైనా గది అలాగే తయారవుతుందేమో. అయితే రాకపోకలు మాత్రం ఉన్నాయి. విశాఖ దగ్గరి తొట్లకొండలో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమీయుల వెండి నాణేలు కూడా దొరికాయి.

ఆ రాత్రి మా కుటుంబ ప్రార్థనలో వరుస పఠనం అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయం. మా మనుమరాలు చదువుతోంది. పౌలు ఓడ పొతియొలీ రేవుకు చేరడం, అక్కడి సహోదరులు వారిని ఏడు దినములు ఉంచుకోవడం, తరువాత అప్పీయా సంతపేట వరకు రోమా సహోదరులు ఎదురు రావడం. ఎన్నిసార్లు చదివానో ఆ అధ్యాయం! పొతియొలీ అంటే ఒక రేవు అనే తప్ప ఆలోచించలేదు. ఈ గోడ గొడవలో పడి పుస్తకాలు తిరగేసిన తరువాతనే తెలిసింది, కట్టుబడి పని చరిత్రలో ఆ ఊరికి ఎంత పేరో.

రోమీయులు కమానును కనిపెట్టలేదు. వారికి ముందే ఇటలీలో ఎట్రుస్కనులకు, ఇంకా ముందు తూర్పు దేశాలవారికి అది తెలుసు. చెక్కతో అర్ధచంద్రాకారపు చట్రం నిలబెట్టి, రెండు వైపుల నుండి రాళ్లు పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన చివరి రాయి బిగించి, చట్రం తీసేస్తారు. పై బరువు ప్రతి రాయినీ పక్క రాయి మీదకు నెడుతుంది, బరువు పెరిగిన కొద్దీ కమాను బిగుస్తుంది. ఒక దాని పక్కన ఒకటి కడితే ఒకదాని తోపును మరొకటి ఆపుకుంటుంది, రెండు కొసల మాత్రం బలమైన దిమ్మెలుండాలి. రోమీయులు ఈ చిన్న సంగతిని పట్టుకొని వంతెనలు కట్టారు, కొండల నుండి పట్టణాలకు నీళ్లు తెచ్చారు. రోమాకు మొదటి నీటి కాలువ క్రీ.పూ. 312లో వచ్చింది. దానిని వేయించిన అప్పియస్ క్లాడియస్ అనే అధికారే, పౌలు తరువాత నడిచిన అప్పీయా మార్గాన్ని కూడా అదే ఏడు మొదలుపెట్టించాడు. ఫ్రాన్సులో గార్ నది మీద వారు కట్టిన కాలువ వంతెన మూడు అంతస్తుల కమానులతో 160 అడుగుల ఎత్తున ఇప్పటికీ నిలిచి ఉంది.

కమాను తరువాత రెండో సంగతి సున్నం. సున్నపు రాయిని కాల్చి, నీళ్లు పోసి, ఇసుకతో కలిపి వాడడం చాలా దేశాలకు తెలుసు. ఆ సున్నం గాలి తగిలి మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. నీటిలో మాత్రం గట్టిపడదు. పొతియొలీ చుట్టుపక్కల అగ్నిపర్వతాలు కక్కిన ఒక బూడిద మట్టి ఉంది. దాన్ని సున్నంలో కలిపితే నీటి అడుగున కూడా రాయిలా బిగుస్తుందని రోమీయులు గమనించారు. ఆ ఊరి పేరు మీదనే దానికి పొజ్జొలానా అని పేరు. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో విట్రూవియస్ అనే రోమా వాస్తు శిల్పి తన గ్రంథంలో పాళ్లు కూడా రాశాడు: తవ్వి తీసిన ఇసుక అయితే మూడు పాళ్లకు ఒక పాలు సున్నం, ఏటి ఇసుక అయితే రెండు పాళ్లకు ఒకటి. ఏటి ఇసుకలో మూడో వంతు కుండ పెంకుల పొడి జల్లించి కలిపితే ఇంకా మంచిదన్నాడు. ఇది చదివి ముసలి మేస్త్రికి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "ఇటికి పొడి ఏస్తాం కదేటి మనం. బాగా కాలిన ఇటికి కాదు, కూసింత పచ్చిగా ఉన్నది దంచి ఏస్తే సున్నం పట్టేస్తాది" అన్నాడు. రెండు వేల ఏళ్ల కిందటి రోమీయుడూ మా మేస్త్రీ ఒకే బడిలో చదువుకున్నట్టుంది.

పౌలు రెండేళ్లు బందీగా ఉన్న కైసరయ రేవును హేరోదు రాజు క్రీ.పూ. 22 నుండి 10 వరకు కట్టించాడు. అక్కడ సముద్రంలో దించిన దిమ్మెలకు ఈ బూడిద మట్టిని నేపుల్స్ తీరం నుండి ఓడల మీద తెప్పించారు. అంటే పౌలు కైసరయలో ఓడ ఎక్కి పొతియొలీలో దిగాడు. ఆ మట్టి అంతకు ముందే పొతియొలీ వైపు నుండి కైసరయకు వచ్చింది.

సున్నం, బూడిద మట్టి, రాతి ముక్కలు కలిపి చట్రాల్లో కూరడమే రోమీయుల కాంక్రీటు. ఇనుము లేదు. ఇది చేతికి వచ్చాక కమానును సొరంగంలా సాగదీశారు, గుండ్రంగా తిప్పి గుమ్మటం చేశారు. రోమాలో క్రీ.శ. 126 ప్రాంతంలో హేడ్రియన్ కాలాన పూర్తయిన పాంథియన్ గుమ్మటం 142 అడుగుల వెడల్పు. అడుగున గోడ సుమారు 20 అడుగుల మందం, పైకి పోయేకొద్దీ పలచబడి నాలుగు అడుగులు. కాంక్రీటులో కలిపిన రాయి కూడా కింద బరువైనది, పైన నీళ్లలో తేలేటంత తేలికైన నురుగు రాయి. నడినెత్తిన గుండ్రని రంధ్రం, అందులోంచి వెలుగూ వస్తుంది, వానా వస్తుంది. ఇనుము లేని కాంక్రీటు గుమ్మటాల్లో ఇప్పటికీ అదే పెద్దది. అది అన్యదేవతల గుడిగా కట్టినది. 609లో చర్చిగా మారింది, అందువల్లనే రాళ్ల కోసం పీక్కుపోకుండా మిగిలిందంటారు.

ఇవన్నీ మెచ్చుకుంటూనే ఒక మాట మరువలేను. రోమాలోని కొలోసియం 70లలో మొదలై 80లో తెరిచారు. యెరూషలేమును కొల్లగొట్టి తెచ్చిన సొమ్ముతో దానిని కట్టారని చరిత్రకారులు చెబుతారు. ఆ కమానుల వెనుక బానిసల వీపులున్నాయి. విట్రూవియస్ పేరు మిగిలింది, రాళ్లు మోసినవారి పేర్లు దేవునికే తెలుసు.

2023లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు రోమా కాంక్రీటు ముక్కలు పరీక్షించి ఒక సంగతి చెప్పారు. అందులో కనబడే తెల్లని సున్నపు ఉండలను ఇంతకాలం సరిగా కలపకపోవడం వల్ల వచ్చినవి అనుకున్నారు. గోడ బీటలిచ్చి నీరు చేరినప్పుడు ఆ ఉండలే కరిగి బీటలో మళ్లీ గడ్డకట్టి పూడుస్తాయట. మన స్లాబులో అలా కాదు. లోపలి ఇనుపచువ్వకు నీరు తగిలితే తుప్పు పట్టి ఉబ్బి, కాంక్రీటును పగలగొడుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది అందరూ చూస్తున్నదే.

ఇక రోమీయుల కమాను మన తెలుగు గడ్డ మీద నీళ్లు మోయడం చూడాలని గోదావరి జిల్లాకు వెళ్లాను. కమాను మన వైపు రావడానికి దారులు చాలా ఉన్నాయి. 1591 నాటి చార్మినారు రాయీ సున్నమూ కలిసిన కమానులదే, అది పారసీకుల వైపు నుండి వచ్చిన విద్య. కానీ కాలువను కమానుల మీద నది దాటించిన చోటు పి.గన్నవరం. అనకాపల్లిలో రైలెక్కి రాజమండ్రిలో దిగి, ధవళేశ్వరం ఒక పూట చూసుకొని, రావులపాలెం మీదుగా కోనసీమలోకి వెళ్లాను.

ధవళేశ్వరం గురించి మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. నందన కరువులో జనం ఆకలికి రాలిపోయిన డెల్టాకు సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852లో ముగించాడు. ఇప్పుడున్న బ్యారేజి తరువాతి కాలపుది. ఇసుక మీద పునాది వేయడం ఎలాగో ఆయన కావేరి మీద చోళులు కట్టిన పాత ఆనకట్టను చూసి నేర్చుకున్నాడు. ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు, అందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఆనకట్ట నుండి వచ్చిన నీరు అవతలి నగరం లంకకు పోవాలంటే మధ్యలో వైనతేయ పాయ అడ్డం. కాటన్ కింద పనిచేసిన లెఫ్టినెంట్ హేగ్ అనే యువ ఇంజనీరు నది మీద 49 కమానులు, ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పున కట్టించి, వాటి మీద కాలువను నడిపించాడు. గట్టు మీద నిలబడి చూస్తే ఒకటి వెనుక ఒకటి అర్ధచంద్రాలు నీళ్లలో నీడతో కలిసి గుండ్రాలవుతున్నాయి. కింద ఒక నది సముద్రానికి పోతుంది, పైన ఇంకో నది పొలానికి పోవడానికి కట్టిన దారి. పక్కనే 2000లో కట్టిన కొత్త అక్విడెక్టు ఉంది, దానికి అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. పాతది 1986 నాటి గోదావరి పెద్ద వరదకు కూడా కదలలేదు. దగ్గరకు పోయి చేత్తో తడిమాను. ఇటుక అంచులు అరిగాయి, అతుకులో సున్నం మాత్రం గోటికి రావడం లేదు.

ఈ హేగ్ గారు మన సంఘ చరిత్రలోని మనిషే. దుమ్ముగూడెంలో కోయవారి మధ్య సువార్త పని 1860 ప్రాంతంలో మొదలవడానికి ముఖ్య కారకుడు ఆయన. రాళ్లు మోసిన మన కూలీల పేర్లు ఇక్కడా లేవు. గట్టు మీద కొబ్బరికాయలు ఒలుస్తున్న ఒక పెద్దాయనను, దీన్ని ఎవరు కట్టారండీ అని అడిగితే "కాటన్ దొరండీ" అన్నాడు. ఇంకెవరైనా ఉన్నారా అంటే కాస్త ఆలోచించి, "మా ముత్తాతలేనండీ మరి, ఇంకెవరు కడతారు" అన్నాడు.

తిరిగి వచ్చాక ఈస్టరు తరువాతి శనివారం కూడిక జరిగింది. యెహెజ్కేలు 13వ అధ్యాయంలో బలహీనమైన గోడకు గచ్చుపూత పూసేవారి సంగతి పాస్టరుగారు చదివారు. నా వైపు చూడలేదు గాని అది నాకు తగిలింది. కుర్రవాళ్లు, నాన్నగారి రోజుల గోడ అని మోజుపడితే వచ్చే తుపానుకు పెంకు మళ్లీ ఎగిరిపోదా అని అడిగారు. నిజమే. పెంకుకు సున్నం జవాబు కాదు. చివరకు రెండు సంగతులు విడదీశాం. పైకప్పు సంగతి ఇంజనీరు ఒకరికి చూపించి, దూలాలను గోడకు బిగించి కట్టే మార్గం ఉంటే అలా, లేదంటే పైకప్పు మార్చడం. గోడల్లో మాత్రం ఉత్తరపు గోడ ఒక్కదానికి సిమెంటు గీకి సున్నం పూసి, రెండు వర్షాకాలాలు చూడడం. అప్పటికీ ఇటుక రాలుతుంటే కూల్చడానికి నేనే మొదటి ఓటు వేస్తానని మాట ఇచ్చాను.

పని మొదలైంది. ఊళ్లో సున్నం గానుగ ఏనాడో పోయింది. గుండ్రని కాలువలో రాతి చక్రాన్ని ఎడ్లు తిప్పేవి, చెరకు గానుగకు తోబుట్టువులా ఉండేది. ఇప్పుడు రోలులోనే దంచుతున్నాం. మేస్త్రి రెండు పాళ్ల ఏటి ఇసుక, ఒక పాలు సున్నం, ఇటుక పొడి తన చేతి అంచనాతో వేశాడు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లపు నీళ్లు పోశాడు. బెల్లానికి మా చోడవరంలో కొరత లేదు కదా! చక్కెర కలిసిన నీటిలో సున్నం ఎక్కువగా కరుగుతుందని రసాయన శాస్త్రం కూడా ఒప్పుకుంటుంది. ఎవరైనా మీ ఊళ్లో చేయదలిస్తే ఒక జాగ్రత్త: కాల్చిన సున్నం మీద నీళ్లు పోసినప్పుడు కుతకుత ఉడుకుతుంది, కంట్లో పడితే చూపు పోతుంది. పిల్లలను దరికి రానివ్వకండి. పూసిన తరువాత పది రోజులు తడి గోనెసంచులు కప్పి ఉంచాలి, ఎండకు వదిలేస్తే బీటలిస్తుంది. ఆరాక పైన ఆయిలు రంగు వేయకూడదు, వెల్ల మాత్రమే.

పై పూతకు మూడేళ్లు నానిన సున్నమే వాడాలని పాత రోమీయులకు నియమం ఉండేదని ప్లినీ అనే గ్రంథకర్త రాశాడు. ఆ మాట చెబితే మేస్త్రి, "మూడేళ్లు నానేదాకా నేనుంటానేటి మేష్టారూ" అని నవ్వాడు. ఆరు వారాలకు ఒప్పందం కుదిరింది. ఇది రాస్తున్న నాటికి మందిరం వెనుక వేపచెట్టు కింద గోతిలో సున్నం నానుతోంది. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు వెళ్లి గోతిలో ఇంకో బిందె నీళ్లు పోసి, తడిక మూసి వస్తున్నారు. స్లాబు కావాలన్న కుర్రవాళ్లలో ఇద్దరికి మేస్త్రి గీకుడుపార ఇచ్చి సిమెంటు తీయడం నేర్పిస్తున్నాడు. నిన్నటికి కిటికీ దాకా వచ్చారు.